వెయిల్ పాస్‌లో స్నోమొబైల్: అవలాంచ్ వాలులు, కింద స్కీయర్లు. ఎలా వెళ్లాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డెన్వర్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో నలుగురం స్నోమొబైళ్లతో (మంచు మీద నడిచే మోటారు బండ్లు) కొలరాడోలోనే ఉన్న వెయిల్ పాస్ అనే కనుమకు వెళ్దామనుకుంటున్నాం. అక్కడి ష్రైన్ పాస్ రోడ్డు మీద ఇదివరకు తిరిగాం. ఈసారి రోడ్డు వదిలి తాజా మంచులోకి వెళ్లాలని ఉంది. అక్కడ స్కీయర్లు కూడా ఎక్కుతుంటారు. అవలాంచ్ (కొండవాలు మీది మంచు తెగి కిందికి జారిపడటం) మాట వింటేనే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఏ వాలు ప్రమాదమో చూసి చెప్పగలమా? స్కీయర్లు ఎదురైతే ఏం చేయాలి?

సమాధానం 1:
తమ్ముడూ, కంటి అంచనాను నమ్మొద్దు, వాలు కొలవండి. అవలాంచ్‌లు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. ఫోన్‌లోనే కొలిచే యాప్‌లున్నాయి. వాలును రంగుల్లో చూపించే మ్యాపులు ఇంట్లోనే చూసుకుని దారి గీసుకోండి. మీరున్న చోటు చదునుగా ఉంటే సరిపోదు, తలెత్తి పైన ఏముందో చూడాలి. కింద చదును మీద బండి బరువు పడినా పై వాలు తెగి రావచ్చు.

కొలరాడోలో అసలు చిక్కు మంచు అడుగున ఉంటుంది. సీజన్ మొదట్లో పడిన పలచటి మంచు చలికి పంచదారలా పొడిపొడిగా మారిపోతుంది. దానిమీద తర్వాతి తుఫానుల మంచు పలకలా పేరుకుంటుంది. ఆ అడుగు పొర వారాల తరబడి బలహీనంగానే ఉండొచ్చు. స్కీయర్ బరువుకు కదలనిది స్నోమొబైల్ బరువుకు కదలొచ్చు. నాలుగు బండ్లు దాటాక ఐదో బండి కింద తెగడమూ మామూలే, కాబట్టి ముందు వెళ్లినవాళ్ల జాడలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

మంచు ‘వుంఫ్’మని కూలిన చప్పుడు, కాలి దగ్గర్నుంచి పాకే పగుళ్లు, ఈమధ్యే తెగిన వాలులు: ఇవి ప్రకృతి ఇచ్చే హెచ్చరికలు. ఇంజన్ మోతలో, హెల్మెట్ లోపల ఇవేవీ వినబడవు. అందుకే అప్పుడప్పుడు ఇంజన్ ఆపి, దిగి, నాలుగడుగులు నడిచి చూడాలి.

బయల్దేరే ముందు కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ వారి అవలాంచ్ ప్రమాద అంచనా చదవండి. ఐదు స్థాయిల్లో మూడోది ‘కన్సిడరబుల్’. మధ్యలో ఉంది కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ స్థాయి రోజుల్లోనే. ఆ రోజు 30 డిగ్రీలు దాటిన వాలుల జోలికి, వాటి కిందికి వెళ్లకండి. కొత్త మంచు పడినా, గాలి బలంగా వీచినా ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు ఇంకా జాగ్రత్త.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. వాలు మీదికి ఒక్కరే వెళ్లాలి. మిగతా ముగ్గురూ కింద గుమిగూడకుండా, పక్కన భద్రమైన చోట, బండి ముందుభాగం బయటికి వెళ్లే దారివైపు పెట్టి చూస్తుండాలి. పైన స్నేహితుడి బండి ఇరుక్కుందా? సాయానికని రెండో బండి ఎక్కించకండి. అతనే తవ్వి బయటపడాలి, లేదా బండి వదిలి పక్కకు రావాలి. సాయానికి వెళ్లినవాళ్లతో సహా వాలు తెగిన సంఘటనలు చాలా ఉన్నాయి. 2010 మార్చి 13న కెనడాలోని రెవెల్‌స్టోక్ దగ్గర బండ్లు కొండెక్కుతుంటే కింద జనం చేరి చూస్తున్నారు. వాలు తెగి వాళ్ల మీద పడింది. ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు.

సమాధానం 2:
అన్నా, నేను అక్కడ స్కీ చేస్తాను కాబట్టి మావైపు సంగతి చెబుతా. మేం గంటన్నర ఎక్కే వాలును మీరు ఐదు నిమిషాల్లో ఎక్కేస్తారు. మా పైకి ఎప్పుడొచ్చారో మాకు తెలియదు, చెట్ల మధ్య మేమున్నామని మీకు తెలియదు. మీరు తెంపిన మంచు మీ గుంపును మాత్రమే చూసి ఆగదు. అందుకే వాలు మీదికి వెళ్లేముందు కింద ఎవరైనా ఉన్నారేమో వెతకండి. కనిపిస్తే వాళ్లు పక్కకు తప్పుకునేదాకా ఆగండి. పార్కింగ్‌లో కలిసినప్పుడే ‘ఎటు వెళ్తున్నారు’ అని అడిగితే సగం గొడవ తీరుతుంది.

దారిలో ఎదురైతే వేగం తగ్గించి దూరంగా దాటండి. మీ వెనక ఇంకెందరున్నారో వేళ్లతో చూపించండి, ఆఖరివాళ్లు పిడికిలి చూపిస్తారు. ఆ ఒక్క సైగతో మేం మళ్లీ దారిలోకి ఎప్పుడు రావచ్చో తెలుస్తుంది. మేం ఎక్కడానికి వేసుకున్న సన్నటి జాడను బండితో తొక్కితే లోతైన గాడి పడుతుంది, పక్కనుంచి వెళ్లండి. అక్కడ స్కీయర్లకే కేటాయించిన భాగాలు, ఇద్దరికీ చెందిన భాగాలు వేరువేరుగా ఉన్నాయి. మ్యాపు చూసుకుని ఆ గీతలను గౌరవించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. బీకన్ (మంచులో కూరుకున్నవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) కొంటాం. బరువు కదా, బండి వెనక సంచిలో పెట్టుకోవచ్చా?

సమాధానం 1:
వద్దు తమ్ముడూ. అవలాంచ్‌లో బండి ఒకచోట, మనిషి ఇంకోచోట తేలతారు. బీకన్ ఒంటికి, జాకెట్ లోపల. పార, ప్రోబ్ వీపు సంచిలో. నలుగురికీ నాలుగు సెట్లు ఉండాలి, ఎందుకంటే కూరుకున్నవాడి పార పైనున్నవాడికి పనికిరాదు. మొదటి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు, ఆ తర్వాత అవకాశం వేగంగా పడిపోతుంది. రక్షక దళం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు.

వెతికేటప్పుడు ఇంజన్లన్నీ ఆపేయాలి, అవి బీకన్ సిగ్నల్‌ను చెడగొడతాయి. ఫోను, వేడి గ్లవ్స్ బీకన్‌కు దూరంగా ఉంచండి. బయల్దేరేటప్పుడు ఒకరు ముందు నిలబడి, మిగతావాళ్లు ఒక్కొక్కరే దాటుతుంటే బీకన్ పలుకుతోందో లేదో చూడండి, తర్వాత నిలబడినవారి బీకన్‌ను ఇంకొకరు చూడాలి. మీవి అద్దె బండ్లయితే, వాటికి రోడ్డు దిగే అనుమతి ఉందో లేదో ముందే అడగండి. అనుమతి ఉన్నా, నలుగురూ ఒకరోజు రెస్క్యూ శిక్షణ తీసుకునేదాకా ఫిబ్రవరి ప్లాన్‌ను ష్రైన్ పాస్ రోడ్డుకే పరిమితం చేయండి.