పేరు చివర డీఏటీ అని ఉన్న ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలి?

ప్రశ్న:
నమస్కారం. పాత హార్డ్ డిస్కులో దొరికిన ఒక ఫైలు పేరు చివర చుక్క తరువాత డీఏటీ అని ఉంది. డబుల్ క్లిక్ చేస్తే, దేనితో తెరవాలో ఎంచుకోమని విండోస్ అడుగుతోంది. ఎక్స్‌టెన్షన్‌ను పీడీఎఫ్‌గా మార్చి చూసినా ఫలితం లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట పీకే అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆపైన అర్థంకాని గుర్తులు కనిపిస్తున్నాయి. ఇది ఏ రకమైన ఫైలో తెలుసుకొనే మార్గం ఉందా?

మొదటి సమాధానం:
ఆ రెండక్షరాలే మీకు కావలసిన ఆధారం. ఎక్స్‌టెన్షన్ అనేది ఫైలును ఏ ప్రోగ్రాముకు అప్పగించాలో విండోస్‌కు చెప్పే గుర్తు మాత్రమే. దాన్ని మార్చినా లోపలి బైట్లలో, అంటే ఫైలులోని డేటా ముక్కల్లో, ఒక్కటీ మారదు. డీఏటీ అయితే ఏ ప్రోగ్రామైనా తన డేటాకు పెట్టుకోగల పేరు కనుక, దానివల్ల తెలిసేది దాదాపు శూన్యం. చాలా రకాల ఫైళ్లు తమ గుర్తింపును మొదటి కొన్ని బైట్లలోనే మోస్తుంటాయి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, వెంటనే పీడీఎఫ్ అన్న అక్షరాలు కనిపించేవి. పీకే అన్నవి ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా కట్టే జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. అంటే మీది జిప్ ఫైలు కావచ్చు. అయితే డాక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఓడీటీ పత్రాలు, ఈపబ్ పుస్తకాలు, ఏపీకే అనే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు కూడా లోపల జిప్‌లే కాబట్టి ఇంకొక మెట్టు దిగాలి. ముందుగా ఒక నకలు తీసుకొని, దాన్ని జిప్ ఫైళ్లను తెరిచే 7-జిప్ ప్రోగ్రాములో తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు ఉంటే అది వర్డ్ పత్రం, ఎక్స్‌ఎల్ అనే ఫోల్డరు ఉంటే ఎక్సెల్ పట్టిక. మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు కనిపిస్తే దాన్ని నోట్‌ప్యాడ్‌లో చదవండి, రకం అందులోనే రాసి ఉంటుంది.

రెండవ సమాధానం:
పై పద్ధతి సరైనదే, కానీ జిప్ అని తేలినంత మాత్రాన నిరపాయమని అనుకోకండి. లోపల ఉన్న వాటిలో ఏదైనా ఎంజెడ్ అనే అక్షరాలతో మొదలైతే అది విండోస్‌లో నడిచే ప్రోగ్రాము కావచ్చు. ఎక్కడిదో తెలియకుండా దాన్ని నడపవద్దు. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను సాధారణంగా దాచి చూపిస్తుంది కాబట్టి, ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఆ అమరికను మార్చుకోవడం మంచిది. ఏ ఫైలునైనా మార్చి ఇస్తామనే ఆన్‌లైన్ సైట్ల మీద నాకు నమ్మకం లేదు. వ్యక్తిగత పత్రమో కాదో తెలియని ఫైలును ఇతరుల సర్వరుకు పంపడం ఎందుకు?

ప్రశ్న అడిగినవారు:
మైమ్‌టైప్ కనిపించింది, అందులో ఓపెన్‌డాక్యుమెంట్ టెక్స్ట్ అని ఉంది. నకలు పేరు చివర ఓడీటీ అని మార్చి లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే పత్రం మొత్తం వచ్చింది, ధన్యవాదాలు. అదే డిస్కులో ఎక్స్‌టెన్షనే లేని మరో ఫైలు ఉంది. దాని మొదట్లో తెలిసిన అక్షరాలేవీ లేవు, కొద్దిగా తరువాత ఎఫ్‌టీవైపీ, హెచ్ఈఐసీ అని ఉన్నాయి.

మూడవ సమాధానం:
అది హెచ్ఈఐసీ ఫొటో అయి ఉంటుంది. ఎంపీ4 వీడియోల్లోనూ ఈ ఫొటోల్లోనూ ఎఫ్‌టీవైపీ అన్నది సాధారణంగా అయిదవ బైటు నుంచి మొదలవుతుంది, దాని వెంట ఉండే నాలుగక్షరాలు ఏ రకమో చెబుతాయి. గుర్తింపు ఎప్పుడూ మొదటి బైటులోనే ఉంటుందని అనుకోకూడదు. అనేక ఫైళ్లను ఒకటిగా కట్టే టార్ ఫైళ్లలో అది 257 బైట్లు దాటాక వస్తుంది, సాదా టెక్స్ట్‌కైతే అసలు ఉండదు. లినక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ టెర్మినల్ తెరిచి, ఫైల్ అనే కమాండు పక్కన ఫైలు పేరు ఇస్తే ఈ వెతుకులాటను అదే చేస్తుంది. విండోస్‌లో పవర్‌షెల్‌లోని ఫార్మాట్-హెక్స్ కమాండుతో బైట్లను చూడవచ్చు, నోట్‌ప్యాడ్ కంటే అది స్పష్టంగా ఉంటుంది. ప్రస్తుతానికి నకలు పేరు చివర హెచ్ఈఐసీ అని చేర్చి, ఆ రకాన్ని చదవగల ఫొటో ప్రోగ్రాములో తెరిచి చూడండి.