గోడకు బూజు, అత్తయ్యకు కీళ్లవాపు: సంబంధం ఉందా? బీటా గ్లూకాన్ వేయొచ్చా?

కాకినాడ కోడలు:
మా అత్తయ్యకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీదే దాడి చేసే కీళ్లవాతం). వారానికోసారి మెథోట్రెక్సేట్, మర్నాడు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటారు. ఎండాకాలమంతా బాగానే తిరిగారు. ముసురు పట్టినప్పటి నుంచి పొద్దున వేళ్లు బిగుసుకుపోయి, పది దాటితే గానీ వదలడం లేదు. చీర కుచ్చిళ్లు నేనే పెడుతున్నాను. మొన్న ఆవిడ గదిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా, పచ్చగా బూజు. ఈలోగా మా వదిన డల్లాస్ నుంచి ఈస్ట్ బీటా గ్లూకాన్ క్యాప్సూల్స్ పంపింది, ఇమ్యూనిటీ పెరుగుతుంది, అమ్మకు వెయ్యమని. డాక్టరు గారి దగ్గరికి వెళ్లేది వచ్చే వారం. ఈలోపు మొదలుపెట్టనా?

ల్యాబ్ తమ్ముడు:
అక్కా, ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. నేను డాక్టర్ని కాదు, ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. బీటా గ్లూకాన్ అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను.

గోడ మీది బూజు, ఈస్ట్ రెండూ ఫంగస్ రకాలే. ఫంగస్ కణం గోడలో ముఖ్యమైన పదార్థం ఈ బీటా గ్లూకానే. మన తెల్లరక్తకణాల్లో కొన్నింటికి డెక్టిన్-1 అనే రిసెప్టర్ (దాన్ని గుర్తుపట్టే అణువు) ఉంటుంది. బీటా గ్లూకాన్ దానికి తగలగానే ఆ కణాలు ఐఎల్-6, ఐఎల్-23 లాంటి సంకేతాలు వదులుతాయి. వాటి వల్ల టీహెచ్17 అనే ఒక రకం తెల్లరక్తకణాలు పెరిగి ఐఎల్-17 అనే మరో సంకేతాన్ని తయారుచేస్తాయి. నోట్లో క్యాండిడా అనే ఫంగస్ పెరగకుండా ఆపడానికి మనకది కావాలి. అదే ఐఎల్-17 కీళ్లలో పోగైతే లోపలి పొర వాస్తుంది, ఎముకను కరిగించే కణాలూ పెరుగుతాయి.

క్యోటోలో షిమోన్ సకగుచి బృందం (ఆయనకు 2025లో నోబెల్ వచ్చింది) ఎస్‌కేజీ అనే ఎలుకల మీద పనిచేసింది. జాప్-70 జన్యువులో మార్పు వల్ల, థైమస్ గ్రంథిలోనే ఏరిపారేయాల్సిన టీ కణాలు (సొంత ఒంటి మీదే దాడి చేయగల తెల్లరక్తకణాలు) వాటిలో తప్పించుకుని బయటికొస్తాయి. మామూలు జంతుశాలలో ఉంచితే వీటికి కీళ్లవాతం దానంతటదే వస్తుంది. సూక్ష్మజీవులు చేరకుండా శుభ్రంగా పెంచితే రాదు. అలా శుభ్రంగా పెరిగిన వాటికే, ఈస్ట్ గోడ నుంచి తీసిన జైమోసాన్‌ను ఒక్కసారి పొట్టలోకి ఇంజెక్షన్ ఇస్తే కీళ్లు ఘోరంగా వాచి, ఇక తగ్గలేదు. మామూలు ఎలుకలకైతే కొన్నాళ్లు వాచి తగ్గిపోయింది. డెక్టిన్-1ను అడ్డుకుంటే జబ్బు రాలేదు. జంతుశాలలో ఉన్నవాటికి ఫంగస్ మందు ఇచ్చినా రాలేదు! 2005 నాటి పేపర్ ఇది. ఆ చివరి ఫలితం చదివాకే నేను ఈ సబ్జెక్టు పట్టుకున్నాను.

అయితే ఇంజెక్షన్ వేరు, మింగే క్యాప్సూల్ వేరు. గోడ బూజు వల్ల మనుషుల్లో ఈ జబ్బు ముదురుతుందని ఇంకా రుజువు కాలేదు. కాబట్టి బూజే కారణమని మీకు చెప్పలేను. కానీ ఒక పక్క మందులతో ఇమ్యూనిటీని అదుపులో పెడుతూ, ఇంకో పక్క దాన్ని రెచ్చగొట్టగల పదార్థం డాక్టర్ని అడగకుండా వేయడం నాకు అస్సలు సబబుగా అనిపించడం లేదు.

ఓపీ సిస్టర్:
రుమటాలజీ ఓపీలో నర్సుని. అమ్మా, ఆవిణ్ణి ఇవాళే వేరే గదిలో పడుకోబెట్టండి. బూజు ఆవిడ చేత కడిగించొద్దు. మీరు కడిగేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకుని, తడిపి తుడవండి, పొడిగా గీకితే గదంతా లేస్తుంది. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూసి అది ఆపాలి, లేకపోతే పెయింటు వేసినా మళ్లీ వస్తుంది. పొడిదగ్గు, ఆయాసం, జ్వరం ఏది కనిపించినా వచ్చే వారం దాకా ఆగొద్దు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఊపిరితిత్తులు వాచే ప్రమాదం ఉంది. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి.

కాకినాడ కోడలు:
దగ్గేమీ లేదు సిస్టర్. గది మార్చేశాం. తమ్ముడూ, పుట్టగొడుగుల్లోనూ బీటా గ్లూకాన్ ఉంటుందట కదా? ఆవిడకు ఆ కూరంటే ప్రాణం. టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ తమ్ముడు:
ఉంటుంది అక్కా, ఓట్స్‌లోనూ ఉంటుంది, కాకపోతే నిర్మాణం కాస్త వేరు. వండిన కూర తింటే కీళ్లు వాస్తాయనడానికి ఆధారం లేదు. హాయిగా పెట్టండి. సీసా మాత్రం డాక్టరు గారికి చూపించండి, వెనక లేబుల్‌తో సహా. పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటోందో రోజూ రాసిపెట్టి అదీ చూపించండి. మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది చూసేటప్పుడు అది పనికొస్తుంది.