బ్రిటన్‌ను గెలిచింది మామా? గెలిపించింది అల్లుడా?

పాతరాతలు:
అగ్రికోలా గురించి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. క్రీ.శ. 77 నుంచి సుమారు 84 దాకా బ్రిటన్‌కు రోమన్ గవర్నరు. ఏడేళ్లు ఏటా దండు కట్టి వేల్స్ నుంచి స్కాట్లాండ్ దాకా అక్కడి తెగలన్నిటినీ లొంగదీశాడని పేరు. ఈ కథ మనకు చెప్పింది రోమన్ చరిత్రకారుడు టాసిటస్. ఆయన ఎవరనుకున్నారు? అగ్రికోలా కూతురి మొగుడు. మామగారు పోయిన ఐదేళ్లకు, 98లో, ఆయన జీవితచరిత్ర రాశాడు. మన రాజుల ప్రశస్తి శాసనాల్లో దిగ్విజయాలు చదివేటప్పుడు సగం తీసేసి చదువుతాం కదా, ఇక్కడ మాత్రం ఎందుకు తీసెయ్యం? ఆ కీర్తిలో సగం అల్లుడి చలవేనని నా వాదన. కాదనేవాళ్లు ఆధారాలతో రండి.

గోదారిగట్టు:
ఆధారాలతోనే వచ్చానండి. చెస్టర్ కోటలో దొరికిన సీసపు నీటి గొట్టాల మీద అగ్రికోలా పేరు పోతపోసి ఉంది. అది 79వ సంవత్సరానిది. ఇప్పుడు సెయింట్ ఆల్బన్స్ అంటున్న ఊళ్లో దొరికిన శాసనంలోనూ ఆయన పేరుంది. నీళ్ల గొట్టానికి అల్లుడు ఉండడు కదా! పైగా టాసిటస్ రాసేనాటికి ఆ యుద్ధాలు ముగిసి పద్నాలుగేళ్లే. మరీ కోతలు కోస్తే ఊరుకుంటారా?

పాతరాతలు:
గొట్టం మీద పేరుంటే గవర్నరుగా ఉన్నాడని తెలుస్తుంది, ఎంత గెలిచాడో తెలియదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని కార్లైల్ సంగతి చూడండి. అక్కడి రోమన్ కోటకు వాడిన దుంగల వలయాలు లెక్కపెడితే, చెట్లు నరికింది 72–73 చలికాలంలో అని తేలింది. అగ్రికోలా గవర్నరు కావడానికి నాలుగేళ్లు ముందు! అప్పటి గవర్నరు సెరియాలిస్. ఉత్తర ఇంగ్లండ్ తెగ బ్రిగాంటుల మీద ఆయన చేసిన యుద్ధానికి టాసిటస్ రెండు మూడు వాక్యాలిచ్చాడు. దక్షిణ వేల్స్‌లో సిలూరులను అణచిన ఫ్రాంటినస్‌కూ అంతే. మామగారికి మాత్రం పేజీలకు పేజీలు.

గోదారిగట్టు:
ఇది ఒప్పుకుంటాను. కానీ ఒక మెలిక ఉంది. సెరియాలిస్ కింద ఇరవయ్యో లెజియన్‌ను (లెజియన్ అంటే రోమన్ పౌరుల పెద్ద దళం) నడిపింది ఎవరు? అగ్రికోలాయే. అంటే ఆ ఉత్తరపు దారి ఆయనకు ముందే తెలిసుండాలి. ఇంకా వెనక్కి వెళ్తే, రోమన్ల మీద బౌడికా రాణి చేసిన తిరుగుబాటు నాటికి ఇరవై ఏళ్ల కుర్రాడిగా అక్కడే సైన్యంలో ఉన్నాడు. మూడుసార్లు ఒకే దేశంలో కొలువు చేసినవాడికి ఆ దేశం తెలియదంటే ఎలా?

ఉప్పుటేరు:
మీ ఇద్దరికీ మామా అల్లుళ్ల గోలేనా? మొదటి ఏడాదే ఉత్తర వేల్స్‌లో ఆర్డోవికులనే తెగను దాదాపు పూర్తిగా చంపేశాడని ఆ అల్లుడే రాశాడు. వాళ్లు ఒక రోమన్ అశ్విక దళాన్ని తుడిచిపెట్టారట, అందుకు ప్రతీకారమట. ఒక్క వాక్యంలో దాటేశాడు, అదీ మెచ్చుకోలుగా. దీన్ని దండయాత్ర అనాలా, ఊచకోత అనాలా?

పాతరాతలు:
ఊచకోతే. అందులో నాకు సందేహం లేదు. అయితే ఇక్కడా నా మాటే నిలుస్తోంది చూడండి. రెండో శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టోలెమీ తయారుచేసిన బ్రిటన్ తెగల పట్టికలో ఆర్డోవికులు ఉన్నారు, వాళ్ల ఊళ్ల పేర్లతో సహా. నిజంగా తెగంతా పోతే మళ్లీ ఎలా వచ్చారు? చంపడాన్ని కూడా పెంచి చెప్పుకోవడం ఘనత అనుకున్న కాలం అది.

బెన్నహీ నీడలో:
నేను అబర్డీన్ దగ్గర ఉంటాను, ఆలస్యంగా చూశాను. అగ్రికోలా చివరి యుద్ధం, మాన్స్ గ్రాపియస్, మా పక్కనున్న బెన్నహీ కొండ దగ్గరే జరిగిందని ఇక్కడ చాలామంది నమ్మకం. దగ్గర్లో డర్నో అనే చోట పెద్ద రోమన్ దండు విడిది ఆనవాళ్లు విమానం ఫొటోల్లో బయటపడ్డాయి. పోటీకి వేరే కొండలూ ఉన్నాయి, స్థలం ఇంతవరకూ తేలలేదు. నేను రెండుసార్లు ఎక్కాను. గాలి తప్ప ఏమీ లేదు.

ఆ యుద్ధానికి టాసిటస్ ఇచ్చిన లెక్కలు చూడండి: కాలిడోనియన్లు (స్కాట్లాండ్ తెగలవాళ్లు) 30 వేలకు పైగా వచ్చారు, 10 వేల మంది చచ్చారు, రోమన్ల వైపు 360. పదివేలు నేను నమ్మను. శవాలు ఎవరు లెక్కపెట్టారు? 360 మాత్రం నమ్ముతాను. సొంత దండులో హాజరు తీస్తే తెలిసిపోయే అంకె అది. పైగా చనిపోయిన ఆలస్ అటికస్ అనే కుర్ర అధికారి పేరు కూడా ఇచ్చాడు. గుర్రం అదుపు తప్పి శత్రువుల మధ్యకు తీసుకుపోయిందట.

ఇంకోటి. ఆ రోజు లెజియన్లు అసలు కత్తి దూయలేదు, విడిది చుట్టూ ఉన్న గట్టు ముందు నిలబడ్డాయంతే. కొండ వైపు దూసుకెళ్లింది బటావియన్లు, టుంగ్రియన్లు. ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం వైపు తెగలు. రోమన్ నెత్తురు చిందకుండా గెలిస్తే మరింత ఘనత అని టాసిటస్ లెక్క. ఉప్పుటేరు గారికి ఇది పనికొస్తుందేమో.

గోదారిగట్టు:
బాగా చెప్పారు. సరే, అసలు ప్రశ్న మిగిలే ఉంది. గెలిచిన దేశాన్ని ఎందుకు వదులుకున్నారు? డొమిషియన్ చక్రవర్తికి అసూయ, అందుకే వెనక్కి పిలిచాడు అంటాడు టాసిటస్.

పాతరాతలు:
ఏడేళ్లు ఒక్కడినే గవర్నరుగా ఉంచడం అసూయా? ఆ రోజుల్లో మామూలుగా మూడేళ్లే. నాకైతే డాన్యూబ్ నది సరిహద్దు కారణమనిపిస్తుంది. 85 ప్రాంతంలో ఆవలి ఒడ్డున ఉన్న డాషియన్లు నది దాటి, మోయెసియా అనే రోమన్ రాష్ట్రపు గవర్నరునే చంపేశారు. ఆ తర్వాత బ్రిటన్‌లో ఉన్న నాలుగు లెజియన్లలో ఒకటి అటు వెళ్లిపోయింది. మిగిలిన మూడింటితో స్కాట్లాండ్‌ను పట్టుకుని కూర్చోలేరు. టే నది ఒడ్డున ఇంచ్‌టుథిల్‌లో కడుతున్న పెద్ద కోటను పూర్తికాకుండానే వాళ్లే కూల్చేసుకున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదు, అగ్రికోలా అలికి వెళ్లాడంతే.

ఉప్పుటేరు:
ఇంచ్‌టుథిల్ అంటే మేకులు దొరికిన చోటేనా?

బెన్నహీ నీడలో:
అదే. దాదాపు తొమ్మిది లక్షల మేకులు! మోసుకుపోలేరు, వదిలేస్తే తెగలవాళ్లు కరిగించి ఆయుధాలు చేసుకుంటారు. అందుకని వర్క్‌షాప్‌లో గొయ్యి తీసి పూడ్చేశారు. 1960 ప్రాంతంలో తవ్వితే బయటపడ్డాయి. పై పొర తుప్పుపట్టి గట్టి పెంకులా మారడంతో లోపలివి కొత్తవాటిలా ఉన్నాయి. అణు వ్యర్థాలను ఇనుప డబ్బాల్లో దాస్తే ఎన్నేళ్లు ఆగుతాయో అంచనా వేయడానికి శాస్త్రవేత్తలు ఈ మేకుల తుప్పునే పరిశీలించారు.