ఎంబీఏ ఎలాగూ చేస్తాను, మరి డిగ్రీలో ఏ మేజర్ తీసుకోవాలి?

సందేహాలసంచి:
త్వరలో డిగ్రీలో చేరాలి. తర్వాత ఎంబీఏ చేయాలని గట్టిగా అనుకున్నాను. ఇంట్లోవాళ్లు "బీబీఏ (బిజినెస్ డిగ్రీ) తీసుకో, దారి తిన్నగా ఉంటుంది" అంటున్నారు. నాకేమో గణితం, చరిత్ర ఇష్టం. బీబీఏ చేయకపోతే ముందుముందు వెనకబడతానా?

తూకంరాయి:
నా ఓటు బీబీఏకి కాదు. ఎంబీఏ మొదటి ఏడాదిలో ఏముంటుందో చూడండి: అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, స్టాటిస్టిక్స్. బిజినెస్ వాసనే తెలియనివాళ్లు కూడా క్లాసులో ఉంటారనుకునే మొదలుపెడతారు. ఒకసారి చదివిన పాఠాలే ఇంకా పెద్ద ఫీజు కట్టి మళ్లీ వినడం దేనికి? ఫలానా డిగ్రీ ఉంటేనే సీటు అనే షరతు పేరున్న బిజినెస్ స్కూళ్లు మామూలుగా పెట్టవు. ఆపిల్ కంపెనీని నడిపిన టిమ్ కుక్ డిగ్రీలో చదివింది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. 1999లో కంప్యూటర్ల కంపెనీ హెచ్‌పీకి సీఈఓ అయిన కార్లీ ఫియోరినా చదివింది మధ్యయుగ చరిత్ర, తత్వశాస్త్రం. ఇద్దరూ తర్వాత ఎంబీఏ చేశారు.

చిల్లరలెక్క:
ఆ సీఈఓల దండకం ఆపండి బాబూ. చరిత్ర చదివి అంత ఎత్తుకెళ్లిన ఒక్కరు అందరికీ కనిపిస్తారు, అదే చరిత్ర చదివి సరైన ఉద్యోగం దొరక్క ఎంబీఏ గడప కూడా తొక్కనివాళ్లు ఎవరికీ కనిపించరు.

డిగ్రీకీ ఎంబీఏకీ మధ్య ఉద్యోగం అనేది ఒకటుందని అందరూ మర్చిపోతారు. అమెరికాలోని పెద్ద ఫుల్‌టైమ్ ఎంబీఏ ప్రోగ్రాముల్లో చేరేవాళ్లు సాధారణంగా నాలుగైదేళ్లు పని చేసి వస్తారు. ఆ నాలుగేళ్లూ మీకు జీతం ఎవరిస్తారు? ఏ పని చేయిస్తారు? అడ్మిషన్లవాళ్లు చూసేదీ ఆ పనినే. పైగా పద్దెనిమిదేళ్ల వయసులో వేసుకున్న ప్లాన్ ఇరవై అయిదుకి అలాగే ఉంటుందన్న నమ్మకం ఏమిటి? ఎంబీఏ ఊసే వదిలేస్తే మీ చేతిలో మిగిలేది ఆ డిగ్రీయే.

తూకంరాయి:
మధ్యలో ఉద్యోగం సంగతి నిజమే, కాదనను. కానీ అది బీబీఏకి అనుకూలమైన వాదన ఎలా అవుతుంది? అకౌంటింగ్ మేజర్ అన్నారనుకోండి, ఆడిట్ సంస్థలో పని దొరుకుతుంది, సరే. అన్నీ తలా కాస్త చెప్పే జనరల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చూసి ఏ పని అప్పగిస్తారు?

నెమ్మదిమనిషి:
ఎంబీఏ అప్లికేషన్లు పరిశీలించే పని కొంతకాలం చేశాను. మేజర్ పేరు దగ్గర మేం పెద్దగా ఆగేవాళ్లం కాదు. మార్కుల జాబితాలో లెక్కలతో ముడిపడ్డ సబ్జెక్టు ఒక్కటీ లేకపోతే మాత్రం ఆగేవాళ్లం. అందుకే చరిత్ర చదివేవాళ్లయినా స్టాటిస్టిక్స్, కాల్‌క్యులస్, మైక్రో ఎకనామిక్స్‌లో రెండైనా ఎలెక్టివ్‌లుగా తీసుకుని మంచి గ్రేడు తెచ్చుకోవాలి.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి మరీ భయపడక్కర్లేదు. 2023 చివర్లో వచ్చిన కొత్త రూపంలో క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (భాష), డేటా ఇన్‌సైట్స్ (సమాచార విశ్లేషణ) అని మూడే భాగాలు, మొత్తం 2 గంటల 15 నిమిషాలు. క్వాంట్‌లో జ్యామితి తీసేశారు, బడిలో చదివిన అంకగణితం, బీజగణితమే ఉంటాయి. స్కోరు తక్కువొస్తే పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు. డిగ్రీ మార్కులకు ఆ వీలు లేదు. ఇష్టం లేని మేజర్‌లో అత్తెసరు మార్కులతో బయటపడ్డవాళ్ల ఫైళ్లు చాలా చూశాను, అందులో బీబీఏవాళ్లూ ఉన్నారు.

చిల్లరలెక్క:
మరి గణితం లాంటి గట్టి సబ్జెక్టులో మార్కులు తగ్గితే కనికరిస్తారా?

నెమ్మదిమనిషి:
కొంతవరకే. చాలా స్కూళ్లు తమ బ్యాచ్ సగటు జీపీఏని, అంటే డిగ్రీ గ్రేడు పాయింట్లని, బయటికి చెప్పుకుంటాయి కదండీ, ఆ అంకె పడిపోవడం వాళ్లకీ ఇష్టం ఉండదు. ఇంకో మాట, డిగ్రీ చివరి ఏడాదిలోనే సీటు ఖాయం చేసుకునే దారి కూడా ఉంది. హార్వర్డ్ 2+2 అలాంటిదే. సీటొచ్చాక కనీసం రెండేళ్లు పని చేసి చేరాలి. దానికి వెళ్లేవాళ్లకు డిగ్రీ మార్కుల బరువు ఇంకా ఎక్కువ, చూపించడానికి ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇంకా ఉండదు కాబట్టి.

సందేహాలసంచి:
అయితే గణితం మేజర్, చరిత్ర మైనర్, ఒక సెమిస్టర్ అకౌంటింగ్ అని ఇంట్లో చెబుతాను. "గణితం చదివి టీచరవుతావా?" అంటే ఏమనాలి?

చిల్లరలెక్క:
బీమా కంపెనీల్లో ఆక్చువరీ పని (నష్టభయాన్ని లెక్కగట్టడం), బ్యాంకుల్లో రిస్క్ విభాగం, డేటా అనలిస్టు ఉద్యోగాలు, ఈ మూడూ చూపించండి. గణితంతో నాకు పేచీ లేదు. మేజరే చరిత్రకి మారుస్తానంటే మాత్రం మళ్లీ వస్తాను వాదించడానికి.