అప్‌డేట్: యాంటీబాడీ పాడవలేదు, అవి బి-1 కణాలు

ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది ప్రొటీన్ గుర్తులను మెరిసే యాంటీబాడీలతో చూసే పద్ధతి) ఎలుక ప్లీహంలో బి220 (రోగనిరోధక బి కణాల మీది ఒక గుర్తు) చక్కగా మెరుస్తోంది, పొట్ట కుహరం కడిగి తీసిన బి కణాల్లో మాత్రం చాలావరకు మసకగా ఉంటోంది, యాంటీబాడీ పాడైందా అని పోయిన నెల అడిగాను. ఆ టెన్షన్‌లో సిరిమానోత్సవం రోజు కూడా విజయనగరంలోనే ఉండి జాతరకు వెళ్లలేదు.

బి220 బదులు బి కణాల మీదే ఉండే మరో గుర్తు సీడీ19తో గేటు పెట్టమని, అంటే ఆ గుర్తున్న కణాలనే ఎంచుకోమని చెప్పిన అక్కకు చాలా థాంక్స్. అలా చేయగానే మసక కణాలన్నీ స్పష్టంగా కనిపించాయి. మిగతా గుర్తులు చూస్తే, వాటిలో సీడీ23 లేదు, సీడీ43 ఉంది, ఐజీఎం ఎక్కువ, ఐజీడీ తక్కువ. అంటే బి-1 కణాలే, బి220 సహజంగానే తక్కువగా ఉండే ఒక రకం బి కణాలు! సీడీ5 ఉన్నవి బి-1ఎ, లేనివి బి-1బి. ఆ సీడీ5 కూడా టీ కణాల్లో ఉన్నంత ఉండదు, మధ్యస్థంగా ఉంటుంది. నేను గేటు మరీ పైన పెట్టి సగం పోగొట్టుకున్నాను.

ఇంకో మాట. పొట్ట కుహరంలోని బి-1 కణాల మీద సీడీ11బి కొద్దిగా ఉంటుంది, ప్లీహంలోని బి-1 మీద ఉండదు. ఒకే రకం కణం చోటు మారితే గుర్తు మారుతుందని తెలిసి నిజంగా ఆశ్చర్యపోయాను. అందుకే ప్లీహంలో వాటిని సీడీ11బితో వెతకకండి.

ప్లీహంలో సీడీ21 ఎక్కువ, సీడీ23 తక్కువ ఉన్నవి మార్జినల్ జోన్ (ప్లీహంలోని ఒక అంచు ప్రాంతం) బి కణాలు. సీడీ23 ఎక్కువ ఉన్నవి ఫాలిక్యులర్ (ఫాలికల్స్ అనే గుంపుల్లో ఉండే బి కణాలు). అవి ముందే సరిగ్గా వచ్చాయి.

వచ్చే వారం ఎముక మజ్జ మొదలుపెడుతున్నాను.