టెక్ ఫ్రెండ్స్ మధ్య రాజకీయాల గొడవ, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. లినక్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగల కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) అంటే ప్రాణమిచ్చే పదిహేను మందిమి ఆదివారాలు కలుస్తుంటాం. 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ, యాప్‌లనూ సమానంగా చూడాలనే సూత్రం) కోసం అందరం ఒక్క మాట మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మెయిల్స్ పంపాం. 2016 ఫిబ్రవరిలో ఏ సైటు, ఏ యాప్ అన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని ట్రాయ్ తేల్చాక పండగ చేసుకున్నాం.

ఇప్పుడు ఆధార్ మాటో, క్రిప్టో మీద 30 శాతం పన్ను మాటో వస్తే చాలు, గొడవే. ప్రభుత్వం అసలు వేలు పెట్టకూడదని ఒకరు, పెద్ద కంపెనీలకు కళ్ళెం వేయాల్సింది ప్రభుత్వమేనని ఇంకొకరు. 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టింది సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ స్వేచ్ఛ కోసం. ఆ మాటనే ఇద్దరూ తమవైపు లాక్కుంటున్నారు! లెఫ్ట్, రైట్ అని వీళ్ళను విడదీయడం నాకైతే కుదరట్లేదు.

పోయిన వారం నుంచి ఇద్దరు రావడం మానేశారు. చాలా బాధగా ఉంది. రాజకీయాలు పూర్తిగా ఆపేయాలా, వారానికో అంశం పెట్టుకుని మాట్లాడుకోవాలా? మీ గ్రూపుల్లో ఏం చేశారో చెప్పండి ప్లీజ్.