మేరీ గొర్రెపిల్ల పాటలో మొదటి 12 పాదాలు ఎవరివి?

అమెరికా రచయిత్రి సారా జోసెఫా హేల్ (1788–1879) జీవితంపై వ్యాసానికి ఒక్క విషయంలో సాయం కావాలి. 1837 నుంచి నలభై ఏళ్లు ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రిక సంపాదకురాలిగా ఉండటం, థాంక్స్‌గివింగ్‌ను జాతీయ పండుగ చేయమని 1863లో లింకన్‌కు రాసిన ఉత్తరం, ఇవన్నీ తేలినవే.

చిక్కల్లా ‘మేరీస్ లాంబ్’ (‘మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్’ అనే పిల్లల పాట) దగ్గరే. 1830లో హేల్ పుస్తకంలో వచ్చింది, 24 పాదాలు. మొదటి 12 జాన్ రౌల్‌స్టోన్ అనే యువకుడు రాశాడని, పాటలోని మేరీ తానేనన్న మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ ఊరి మేరీ సాయర్ దశాబ్దాల తర్వాత చెప్పింది; హేల్ మాత్రం మొత్తం తనదేనంది. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1920లలో సాయర్ కథనే వెనకేసుకొచ్చాడు, కానీ అది సాక్ష్యం కాదు కదా.

1830కి ముందు నాటి చేతిరాతగానీ అచ్చుప్రతిగానీ ఎవరైనా చూశారా? చూస్తే ఏ గ్రంథాలయంలో, ఏ తేదీతో? తర్వాతి జ్ఞాపకాలు వద్దండీ.